పాఠం కోసం తీసిన ప్రతి: ఉట్నూర్ బడులు, కాపీరైట్ చట్టం

కాపీరైట్ ఉన్న రచనను బోధనలో వాడుకోవడం న్యాయమా కాదా అన్నది భారతదేశంలో ఎన్ని పేజీలు తీశారన్న లెక్కతో తేలదు. ఎందుకు తీశారు, ఎవరి చేతికి ఇచ్చారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, హక్కుదారు అనుమతి అడగనక్కరలేని పనులను ఒక్కొక్కటిగా చెబుతుంది. వాటిలో బోధనకు ప్రత్యేకంగా చోటుంది. ఉట్నూర్ సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని ఆశ్రమ పాఠశాలలు, గిరిజన ప్రాథమిక పాఠశాలలు, డిగ్రీ కళాశాలల విషయంలో ఈ ప్రశ్న రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి, బయట అచ్చయిన పుస్తకం తరగతి గదిలోకి రావడం. రెండోది, గోండు, కొలాం, ప్రధాన్, తోటి సముదాయాల పాటలూ కథలూ లిపీ తరగతి గదిలోకి, అక్కడి నుంచి బయటి పుస్తకాల్లోకి పోవడం. మొదటి దానికి చట్టం చాలావరకు స్పష్టమైన సమాధానం ఇస్తుంది. చాలామంది ఉపాధ్యాయులు అనుకునేదానికన్నా ఎక్కువ స్వేచ్ఛే ఇస్తుంది. రెండోదానికి ఇచ్చే సమాధానం మాత్రం సగమే.

అన్నిటికన్నా ముందు చూడవలసింది ఆ రచనకు కాపీరైట్ ఇంకా ఉందా లేదా అన్నది. భారతదేశంలో రచయిత బతికున్నంతకాలం, మరణించిన మరుసటి ఏడాది నుంచి మరో 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ అప్పారావు రచనలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి జీవితకాలంలో అచ్చయిన రచనలు 2014 నుంచి స్వేచ్ఛగా దొరుకుతాయి. 1987లో మరణించిన దాశరథి కృష్ణమాచార్య రచనలపై 2047 చివరి దాకా, 2002లో మరణించిన కాళోజీ రచనలపై 2062 చివరి దాకా హక్కు నిలుస్తుంది. ఇద్దరు కలిసి రాసిన పుస్తకమైతే చివరగా మరణించిన రచయిత నుంచి లెక్క మొదలవుతుంది. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీము’ నవల ఇలాంటిదే. ప్రభుత్వ రచనలకు ప్రచురణ నాటి నుంచి 60 ఏళ్ళు. అందుకే ఒకే మనిషి రాతలకు రెండు లెక్కలు రావచ్చు. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1995లో మరణించాడు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన 1948లో ప్రచురించిన గ్రంథంపై హక్కు 2055 చివరి దాకా ఉంటుంది. నిజాం ప్రభుత్వం 1945లో ప్రచురించిన ఆయన నివేదికలను ప్రభుత్వ రచనగా చూస్తే వాటి గడువు ముగిసింది.

గడువు ఉన్నా సరే, కాపీరైట్ కాపాడేది చెప్పిన తీరునే. చరిత్రలో జరిగిన సంగతుల మీద, ఆలోచనల మీద, ఇతివృత్తాల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ఎలా పోరాడి చనిపోయాడో ఉపాధ్యాయురాలు తన మాటల్లో చెప్పినా, రాసి పిల్లలకిచ్చినా, ఆ సంగతులు ఏ పుస్తకంలో చదివి తెలుసుకున్నా, కాపీరైట్ ప్రశ్నే పుట్టదు. ప్రశ్న పుట్టేది నవలలోని వాక్యాలను వాక్యాలుగా తీసుకున్నప్పుడు.

అక్కడ 52వ సెక్షన్ మొదలవుతుంది. అందులో మొదటి క్లాజు ‘ఫెయిర్ డీలింగ్’. పరిశోధనతో సహా సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వర్తమాన సంఘటనల వార్తలు దాని కిందికి వస్తాయి. ఉట్నూర్‌లో ఒక డిగ్రీ విద్యార్థి తన ప్రాజెక్టు కోసం పుస్తకంలో ఒక అధ్యాయం జిరాక్స్ తీసుకుంటే అది ఇందులో పడుతుంది. ఆ వాడకం న్యాయమైన మేరలో ఉందా అని కోర్టు చూస్తుంది. తీసుకున్న భాగం ఎంత, దానివల్ల అసలు పుస్తకం అమ్మకానికి దెబ్బ ఉందా వంటివి లెక్కలోకి వస్తాయి. బోధన మాత్రం ఈ క్లాజులో లేదు. దానికి 52(1)(ఐ) అని వేరే క్లాజు ఉంది. బోధనా క్రమంలో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ఏ రచనకైనా ప్రతి తీయడం, పరీక్షలో ప్రశ్నగా ఇవ్వడం, ఆ ప్రశ్నకు జవాబుగా రాయడం, ఈ మూడూ ఉల్లంఘన కావని అది చెబుతుంది. ఎంత భాగం తీయవచ్చో అందులో లేదు. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అన్న తేడా కూడా లేదు.

ఈ చిన్న క్లాజు అర్థం ఎంతదాకా సాగుతుందో తేల్చింది ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్స్ కేసు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ప్రాంగణంలో రామేశ్వరీ ఫొటోకాపీ సర్వీస్ అన్న చిన్న దుకాణం ఉండేది. అధ్యాపకులు సూచించిన పుస్తకాల నుంచి కావలసిన భాగాలు తీసి, ఒక్కో పేపరుకు ఒక్కో కట్టగా బైండు చేసి విద్యార్థులకు ఇచ్చేది. 2012లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఆ దుకాణం మీద, విశ్వవిద్యాలయం మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. ఆ ప్రచురణకర్తల పుస్తకాలు రాసిన పలువురు పండితులే దావాను తప్పుపట్టారు. వారిలో అమర్త్య సేన్ ఒకరు. విద్యార్థులూ సంఘంగా ఏర్పడి కేసులో చేరారు.

2016 సెప్టెంబర్ 16న న్యాయమూర్తి రాజీవ్ సహాయ్ ఎండ్లా దావాను కొట్టేశారు. బోధన అంటే ఉపాధ్యాయుడు నల్లబల్ల ముందు నిలబడి మాట్లాడే గంట ఒక్కటే కాదని, పాఠ్యప్రణాళిక తయారీ నుంచి, తరగతికి ముందూ తరువాతా చదువుకోవడం దాకా అంతా అందులో భాగమేనని ఆయన వివరించారు. విద్యార్థి గ్రంథాలయంలో కూర్చుని చేత్తో రాసుకుంటే తప్పు కానిది యంత్రం మీద తీసుకుంటే తప్పెలా అవుతుందన్నది ఆ తీర్పులోని బలమైన వాదన. 2016 డిసెంబర్ 9న న్యాయమూర్తులు ప్రదీప్ నంద్రజోగ్, యోగేశ్ ఖన్నాల ధర్మాసనం ఈ అర్థాన్నే మరింత జాగ్రత్తగా నిలబెట్టింది. చట్టం ‘ఉపాధ్యాయుడు’ అని ఏకవచనంలో చెప్పినా ఎందరు ఉపాధ్యాయులైనా, ఎందరు విద్యార్థులైనా ఆ క్లాజులోకి వస్తారంది. విద్యార్థి తరఫున దుకాణదారు ప్రతి తీసిపెట్టినంతమాత్రాన పని స్వభావం మారదంది. న్యాయబద్ధత అన్న షరతు ఉన్నట్టే చదువుకోవాలని, అయితే దాన్ని కొలవవలసింది బోధన అవసరంతోనే అని చెప్పింది. పాఠం చెప్పడానికి ఆ భాగం అవసరమైతే అంతమేర తీయడం న్యాయమే. ఎన్ని పేజీలన్నది దానంతట అదే కొలత కాదు.

ఈ తీర్పు హద్దులు కూడా తెలియాలి. ఆ కట్టల్లోని ఒక్కో భాగం కోర్సుకు నిజంగా అవసరమా కాదా అన్న వాస్తవాన్ని విచారణలో తేల్చమని ధర్మాసనం కేసును వెనక్కి పంపింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా వెనక్కి తీసుకోవడంతో ఆ విచారణ జరగలేదు. జిరాక్స్ ప్రతులకు లైసెన్సులిచ్చే హక్కుల సంఘం వేసిన ప్రత్యేక అనుమతి పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2017 మే 9న కొట్టేసింది. అలా కొట్టేసినంతమాత్రాన సుప్రీంకోర్టు స్వయంగా ఆ సూత్రాన్ని తీర్పుగా ఇచ్చినట్టు కాదు. ఢిల్లీ హైకోర్టు మాట తెలంగాణ హైకోర్టును కట్టడి చేయదు, దారి చూపుతుంది. అయినా ఈ విషయం మీద దేశంలో ఇంత లోతుగా చర్చించిన తీర్పు ఇదే. దీన్ని పక్కనపెట్టి ఆలోచించడం ఏ కోర్టుకైనా కష్టం.

దీన్నిబట్టి ఉట్నూర్ బజారులోని జిరాక్స్ సెంటర్‌లో జరిగే పనిని విడదీసి చూడవచ్చు. ఆశ్రమ పాఠశాల తెలుగు ఉపాధ్యాయుడు పాఠానికి తోడుగా ఒక కథను తరగతిలోని పిల్లలందరికీ సరిపడా తీయిస్తే అది బోధనా క్రమమే. డిగ్రీ అధ్యాపకురాలు సిలబస్‌లో చెప్పిన అధ్యాయాలను కట్టగా చేయించినా అంతే. దుకాణదారు పేజీకి ఇంతని తీసుకునేది తన శ్రమకూ కాగితానికీ సిరాకూ. అదే దుకాణంలో పోటీపరీక్షల పుస్తకం మొత్తాన్ని అట్టతో సహా దించి, వరసగా పేర్చి, వచ్చినవారందరికీ అమ్మితే అందులో ఉపాధ్యాయుడూ లేడు, విద్యార్థి అడిగిన భాగమూ లేదు. అది పుస్తకాల దొంగ ముద్రణ. లాభం కోసం తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా విధిస్తుంది. ఏజెన్సీ పిల్లల పేదరికం ఈ రెండో పనికి సాకు కాదు. ఆ రెండో పని జరుగుతోందని మొదటి పనిని అనుమానించడం కూడా న్యాయం కాదు.

పాఠ్యపుస్తకాల మీద ముద్రించే హెచ్చరిక ఉపాధ్యాయులను అనవసరంగా భయపెడుతుంది. ప్రచురణకర్త రాతపూర్వక అనుమతి లేకుండా ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ తిరిగి వాడరాదన్న వాక్యం ప్రభుత్వం ఉచితంగా పంచే పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది. చట్టం ఇచ్చిన మినహాయింపును ఆ వాక్యం తీసేయలేదు. బడి తెరిచాక పుస్తకాలు రావడం ఆలస్యమైతే, మొదటి రెండు పాఠాలు జిరాక్స్ తీయించి పంచే ప్రధానోపాధ్యాయుడు ఎవరి హక్కునూ దోచుకోవడం లేదు.

గైడ్ల సంగతి వేరు. అవి ఉపాధ్యాయుడు తీసే ప్రతులు కావు, వ్యాపార ప్రచురణలు. అయినా ప్రతి గైడూ ఉల్లంఘన కాదు. 2008లో ఢిల్లీ హైకోర్టు ఆక్స్‌ఫర్డ్ గణిత పుస్తకంలోని లెక్కలకు దశలవారీ సాధనలిచ్చిన గైడ్ల మీద వచ్చిన దావాలో ప్రచురణకర్తకు ఊరట నిరాకరించింది. గణిత సూత్రాల మీద గుత్తాధిపత్యం ఉండదని, సాధనలు చూపే గైడు ప్రయోజనం పాఠ్యపుస్తకం ప్రయోజనం ఒకటి కాదని చెప్పింది. పాఠ్యపుస్తకంలోని కథనంతా తిరిగి ముద్రించి కింద నాలుగు ప్రశ్నలు చేర్చిన గైడుకు ఈ తీర్పు రక్ష కాదు. ప్రశ్నపత్రాల విషయంలో మరో మెలిక ఉంది. వాటికీ కాపీరైట్ ఉంటుందని 1967లోనే అలహాబాద్ హైకోర్టు చెప్పింది. పాత పత్రాన్ని తరగతిలో సాధన చేయించడం బోధన. పత్రాలన్నీ పోగుచేసి పుస్తకంగా అమ్మడం ప్రచురణ.

బోధన కోసమే అయినా ప్రచురించేటప్పుడు వర్తించేది 52(1)(హెచ్). ఇక్కడ చట్టం పిడికిలి బిగించింది. సంకలనంలో ఎక్కువ భాగం కాపీరైట్ లేనిదై ఉండాలి. తీసుకునేవి చిన్న భాగాలై ఉండాలి. అవి బోధన కోసమే ప్రచురించిన రచనల్లోంచి తీసినవి కాకూడదు. ఒకే ప్రచురణకర్త ఐదేళ్ళలో ఒకే రచయిత నుంచి రెండు భాగాలకు మించి తీసుకోరాదు. ఏదైనా ప్రభుత్వ సంస్థ ఏజెన్సీ బడులన్నిటికీ కలిపి ఒక తెలుగు కథల వాచకం అచ్చువేయాలనుకుంటే ఈ షరతులకు లోబడాలి, లేదా రచయితల అనుమతి తీసుకోవాలి. తెలుగులో కథకులు, కవులు ఇలాంటి అనుమతిని చాలాసార్లు ఉచితంగానే ఇస్తారు. అడగకపోవడమే వారిని నొప్పిస్తుంది.

వార్షికోత్సవాలు, సినిమా ప్రదర్శనలు 52(1)(జె) కిందికి వస్తాయి. బడి కార్యక్రమాల్లో భాగంగా పిల్లలూ ఉపాధ్యాయులూ నాటకం వేయవచ్చు, పాట పాడవచ్చు. సినిమా వేసినా, రికార్డు పాట పెట్టినా చూసేవారు బడి సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, బడి పనులతో సంబంధమున్నవారు మాత్రమే అయివుండాలి. అల్లాణి శ్రీధర్ తీసిన ‘కొమరం భీమ్’ చిత్రాన్ని భీం వర్ధంతి నాడు ఆశ్రమ పాఠశాల హాలులో వేయడం ఇందులోకి వస్తుంది. ఊరి కూడలిలో తెరకట్టి వేస్తే రాదు. సినిమా పాటకు పిల్లలు చేసిన డ్యాన్సును వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే చూసేవారి పరిమితి తొలగిపోతుంది, దాంతోపాటు మినహాయింపూ పోతుంది.

ఇంటర్నెట్ పాఠాల దగ్గరే చట్టం వెనకబడింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఉపాధ్యాయులు వాట్సాప్ గ్రూపుల్లో పేజీల ఫొటోలు పెట్టారు. 52(1)(ఐ)లో ఉన్న మాట ‘ప్రతి తీయడం’. టీవీలో ప్రసారం చేయడం, అందరికీ తెరిచి ఉన్న చోట పెట్టడం చట్టం దృష్టిలో ‘ప్రజలకు అందజేయడం’ అన్న వేరే హక్కు కిందికి వస్తాయి. ఒక తరగతి పిల్లలే ఉన్న గ్రూపులో పాఠానికి కావలసిన నాలుగు పేజీలు పంచడం బోధనా క్రమంలోనిదేనని వాదించడానికి ఢిల్లీ తీర్పు గట్టి ఆధారమిస్తుంది. జిరాక్స్ కాగితం చేసే పనినే ఆ ఫొటో చేస్తోంది. పుస్తకం మొత్తం పీడీఎఫ్‌ను జిల్లా అంతటి ఉపాధ్యాయుల గ్రూపుల్లో తిప్పితే ఆ వాదన నిలవదు. 2021లో పార్లమెంటు వాణిజ్య స్థాయీ సంఘం తన 161వ నివేదికలో 52వ సెక్షన్‌ను తిరిగి చూడాలంది. అయితే ప్రతులు తీసే వెసులుబాటును ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసే దిశగా సూచించింది. అలా చేస్తే ఎయిడెడ్ బడులు, స్వచ్ఛంద సంస్థల బడులు నష్టపోతాయి. సవరణ జరగవలసింది మరోవైపు. ‘ప్రతి తీయడం’ పక్కన ‘నమోదైన విద్యార్థులకు అందజేయడం’ అని చేరిస్తే చాలు.

దృష్టిలోపం వంటి వైకల్యమున్న పిల్లల కోసం పుస్తకాన్ని బ్రెయిలీలోకి, ఆడియోలోకి మార్చడానికి 2012 సవరణతో వచ్చిన 52(1)(జడ్‌బి) అవకాశమిస్తుంది. వారికోసం కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో మొదట ధ్రువీకరించింది భారతదేశమే, 2014లో. పరిశోధన పత్రికల విషయంలో సమస్య వేరేగా పరిష్కారమవుతోంది. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలతో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించింది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల పత్రికలు దీనివల్ల అందుతాయి. నెట్‌వర్క్ సరిగా అందని చోట అది ఎంత ఉపయోగపడుతుందన్నది కాపీరైట్ తీర్చగలిగే సమస్య కాదు.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ 1976 చట్టంలోని 107వ సెక్షన్ వాడకం ఉద్దేశం, రచన స్వభావం, తీసుకున్న భాగం, మార్కెట్ మీద ప్రభావం అని నాలుగు అంశాలను కలిపి తూచమంటుంది. తరగతి గది కోసం కుదిరిన మార్గదర్శకాలు గద్యంలో వెయ్యి పదాలు లేదా పదో వంతు, కవిత్వంలో 250 పదాలు వంటి కొలతలు పెట్టాయి. వ్యాపార జిరాక్స్ దుకాణాలు చేసిన కోర్సు కట్టలను 1991లో కింకోస్ కేసులో, 1996లో మిషిగన్ డాక్యుమెంట్ సర్వీసెస్ కేసులో అక్కడి కోర్టులు తప్పుపట్టాయి. ఢిల్లీలో ఒప్పయిన పనే అక్కడ తప్పయింది. కాబట్టి సిలికానాంధ్ర మనబడి వంటి చోట్ల అమెరికాలో తెలుగు నేర్పే ఉపాధ్యాయుడికీ, ఉట్నూర్‌లో తెలుగు నేర్పే ఉపాధ్యాయుడికీ ఒకే కథ విషయంలో వేర్వేరు నియమాలు వర్తిస్తాయి. అమెరికా కొలతలను తెచ్చి పదోవంతు దాటకూడదని ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణల్లో చెప్పడం పొరపాటు.

ఏజెన్సీ బడుల్లో అనువాదం రోజువారీ అవసరం. ఇంట్లో గోండీ, కొలామీ మాట్లాడే పిల్లకు ఒకటో తరగతిలో తెలుగు వాచకం పరాయి భాషే. 1940ల్లో హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలై, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వచ్చింది ఇందుకే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలైందీ ఇందుకే. 52(2) ప్రకారం ఈ మినహాయింపులు అనువాదాలకూ వర్తిస్తాయి. తెలుగు కథను ఉపాధ్యాయుడు గోండీలో రాసి తన తరగతికి పంచడానికి అడ్డు లేదు. అచ్చువేసి పంచాలంటే అనుమతి కావాలి. హక్కుదారు ఇవ్వకపోతే అనువాదానికి లైసెన్సు కోరే దారిని 32వ సెక్షన్ చూపుతుంది. ఆ దారి కోర్టు గుండా పోతుంది. ఒక ఏజెన్సీ ఉపాధ్యాయుడు నడవగలిగేది కాదు.

ఎదురు దిశలో చూస్తే, ప్రధాన్ కళాకారుడు కిక్రి అనే వాద్యం వాయిస్తూ పాడే గోండు పురాణానికి చట్టానికి తెలిసిన రచయిత లేడు. తరాలుగా వస్తున్న ఆ కథనం ఎవరైనా తీసుకోగలిగేదిగా మిగులుతుంది. పాడిన కళాకారుడికి మాత్రం ఆ ప్రదర్శన మీద 50 ఏళ్ళు హక్కు ఉంటుంది. 39వ సెక్షన్ కేవలం నిజమైన బోధన, పరిశోధనల కోసం చేసిన రికార్డింగును ఆ హక్కు నుంచి మినహాయిస్తుంది. గోండుల దండారి పండుగ రోజుల్లో గుస్సాడి నృత్యాన్ని ఫోనులో తీసి పిల్లలకు చూపే ఉపాధ్యాయుడు తప్పు చేయడం లేదు. ఆ వీడియో ఒక చానల్‌కు, ఒక యాప్‌కు చేరితే బోధన అన్న కవచం ఉండదు. మార్లవాయికి చెందిన గుస్సాడి గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. అంత పేరు రాని వందలమంది ఆడే ఆటకూ చట్టంలో అదే హక్కు ఉంది. 38బి సెక్షన్ ప్రకారం ప్రదర్శించినవారి పేరు చెప్పాలి, వారి పరువుకు భంగం కలిగేలా వక్రీకరించరాదు.

గుంజాల గోండీ లిపి ఈ విషయాన్ని ఇంకో వైపు నుంచి చూపుతుంది. నార్నూర్ మండలం గుంజాలలోని రాతప్రతులు ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం ద్వారా పండితుల దృష్టికి వచ్చాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అక్షరాల మీద ఎవరికీ కాపీరైట్ లేదు. వాటిని తెరమీద చూపే ఫాంటు ఒక సాఫ్ట్‌వేర్ కాబట్టి దానికి ఉంటుంది. నోటో ఫాంటు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతోంది గనుక బడులు డబ్బు కట్టకుండా పాఠాలు తయారుచేసుకోవచ్చు. ఊరివాళ్ళు దాచిన రాతప్రతుల ఫొటోలను ఎవరు ఎక్కడ వాడాలన్నది మాత్రం కాపీరైట్ చట్టం అడగని ప్రశ్న. 2006 అటవీ హక్కుల చట్టం అడిగింది. జీవవైవిధ్యానికీ సాంస్కృతిక వైవిధ్యానికీ సంబంధించిన మేధోసంపత్తి, సంప్రదాయ జ్ఞానం మీద సముదాయానికి హక్కు ఉందని ఆ చట్టం 3(1)(కె) చెబుతుంది. పోడు పట్టాల చర్చలో మరుగున పడిపోయిన క్లాజు అది. బడి కోసం పాట సేకరించేవారు, ఆ క్లాజును ఆసరా చేసుకుని, గ్రామసభలో చెప్పి, ఎక్కడ వాడతారో రాతలో పెట్టి, పాడినవారి పేరూ ఊరి పేరూ వాచకంలో అచ్చువేయడానికి ఇప్పుడున్న చట్టాల్లో ఏ అడ్డంకీ లేదు. ఉట్నూర్ ఐటీడీఏ తన వాచకాలకు దీన్ని నియమంగా పెట్టుకోవడానికి కొత్త చట్టం రావలసిన పనీ లేదు.